పని దొరకని దినపు కూలి: విశాఖ రేవు చరిత్ర నుండి ఒక పరిశీలన

మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట పనివారి ఉపమానమును మన సంఘములలో ఎక్కువగా కృపను గూర్చిన బోధగానే ప్రకటిస్తాము. చివరి గంటలో వచ్చినవానికి కూడ దేవుని రాజ్యములో సమానమైన స్థానము ఉన్నదని చెప్పి ముగిస్తాము. అందులో తప్పు ఏమీ లేదు. నేను కూడ చాల సంవత్సరములు అలాగే చెప్పాను. అయితే విశాఖపట్నం రేవుకు దగ్గరలో ఉన్న ఒక సంఘములో ఈ భాగముపై వాక్యము అందించిన ఒక ఆదివారమున, ఆరాధన ముగిసిన తరువాత ఒక వృద్ధుడు నా యొద్దకు వచ్చాడు. ఆయన రేవులో ముప్పై ఏండ్లకు పైగా కళాసీగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడు. "అయ్యగారూ, సాయంత్రం దాకా సంతలో నిలబడ్డవాళ్ళకి మాకున్నట్టు బోర్డు ఉంటే, ఆ ఇంటి యజమాని రాకపోయినా కొంత కూలి చేతికొచ్చేదండి. మాకు వచ్చేది" అన్నాడు.

బి.డి. చదివే రోజులలో ఈ ఉపమానముపై కొన్ని వ్యాఖ్యానములు చదివాను. దేనారము విలువ ఎంత, యూదులు గంటలను ఎలా లెక్కించేవారు, మొదటివారు ఎవరు, కడపటివారు ఎవరు అనే సంగతులన్నీ పరీక్షలో వ్రాసాను. కాని పని దొరకని మనుష్యునికి కూలి ఇచ్చే ఏర్పాటు నా సొంత పట్టణములోనే ఒకటి ఉండేదని ఆ వృద్ధుడు చెప్పేవరకు నాకు తెలియదు. తరువాత ఆ విషయమై వెదకి, చదివి, రేవులో పనిచేసినవారిని అడిగి తెలిసికొన్నదే ఈ వ్యాసమునకు ఆధారము. పని లేని దినమునకు, బిడ్డను కన్న దినములకు కూలి ఎవరు చెల్లించాలి అనే ప్రశ్నకు వేర్వేరు దేశములు ఇచ్చిన జవాబులను మన విశాఖపట్నం ఇచ్చిన జవాబు ప్రక్కన ఉంచి చూడడమే ఇక్కడ నా ప్రయత్నము. ఈ రెండింటినీ ఎందుకు కలుపుతున్నారని కొందరు పాఠకులు అడుగవచ్చును. నేను కలుపలేదు. చరిత్రలోనే అవి కలిసి పుట్టినవి.

కళాసీ, మేస్త్రీ, అడ్వాన్సు

1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ విశాఖపట్నం కొత్త రేవులో ప్రవేశించినది. అదే సంవత్సరము డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించాడు. అంతకు రెండేండ్ల ముందు, 1931లో, రాయపూర్ నుండి విజయనగరము వరకు రైలు మార్గము పూర్తి అయినందున మధ్య పరగణాల మాంగనీసు ఈ రేవుకు దిగివచ్చినది. ఆ ఖనిజమును ఓడలోనికి ఎక్కించుటకు మనుష్యులు కావలెను. అయితే ప్రతి దినము కాదు.

రేవు పని స్వభావము ఇదే. ఓడ వచ్చిన దినమున వందలమంది కావాలి. ఓడ వెళ్ళిన మరునాడు పదిమంది కూడ అక్కరలేదు. తుపాను పడితే వారము రోజులు ఎవరూ అక్కరలేదు. వ్యవసాయ కూలికి కనీసము ఏ నెలలో పని ఉంటుందో, ఏ నెలలో ఉండదో తెలుసును. రేవు కూలికి రేపటి సంగతి కూడ తెలియదు. ఈ అనిశ్చితి వలన లాభము పొందినవాడు మేస్త్రీ. జట్టును తెచ్చేవాడు, ఎవరిని పిలవాలో ఎవరిని పిలవకూడదో నిర్ణయించేవాడు అతడే. పని లేని దినములలో కళాసీ ఇంటికి బియ్యము కొనుటకు అడ్వాన్సు ఇచ్చేవాడు కూడ అతడే. ఆ అడ్వాన్సు తీరేవరకు కూలిలో కోత పడేది. అంటే నిరుద్యోగ భృతి మన రేవులో మొదటినుండి ఉన్నదనే చెప్పవచ్చును. దానిని కార్మికుడు తిరిగి చెల్లించవలసి ఉండేది, అంతే.

ప్రసవము విషయములో కూడ మనకొక పాత ఏర్పాటు ఉన్నది. తొలికాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసికొని వెళ్ళడము. అమ్మ చేతి పథ్యము, విశ్రాంతి, పురుడు పోయడము, ఆ ఖర్చంతా పుట్టింటివారిదే. దీనిని మనము ఆప్యాయతగానే చూస్తాము, అది ఆప్యాయతే. కాని లెక్క వేసి చూస్తే, ఆ స్త్రీ ఎవరి పొలములో, ఎవరి రేవులో కష్టపడినదో ఆ యజమాని ఒక్క అణా కూడ ఇవ్వకుండ, ఆమెను కన్న తండ్రి అప్పుచేసి భరించిన ప్రసూతి భృతి అది. పుట్టిల్లు లేని స్త్రీకి అది కూడ లేదు.

లండను రేవు నుండి వాషింగ్టను వరకు

ఈ పరిస్థితి మనకు మాత్రమే ప్రత్యేకమైనది కాదు. 1889లో లండను రేవు కార్మికులు చేసిన గొప్ప సమ్మెను సంఘ చరిత్ర చదివే విద్యార్థులు తప్పక తెలిసికొనవలెను. అక్కడ కూడ ఉదయమున రేవు గేటు దగ్గర మనుష్యులు గుంపులుగా నిలిచి, పిలుపు కొరకు ఒకరినొకరు త్రోసుకొనేవారు. గంటసేపు పని ఇచ్చి పంపివేయడము కూడ ఉండేది. గంటకు ఆరు పెన్నీలు, పిలిచినవానికి కనీసము నాలుగు గంటల పని అనేవి వారి కోరికలలో ముఖ్యమైనవి. రక్షణ సైన్యమువారు సమ్మెలో ఉన్నవారికి చవకగా ఆహారము అందించారు. అప్పటికి 81 సంవత్సరముల వృద్ధుడైన కార్డినల్ మానింగ్ ఇరుపక్షముల మధ్య రాజీ కుదిర్చాడు. సమ్మె సుమారు ఐదు వారములు జరిగినది. మానింగ్ రోమను కాథలిక్కు గనుక మన ప్రొటెస్టెంటు పాఠ్యపుస్తకములలో ఆయన పేరు తక్కువగా కనబడుతుంది. అది మన నష్టమే.

రేవు కూలీల ఈ దుస్థితిని శ్రద్ధగా పరిశీలించినవారిలో విలియం బెవరిడ్జ్ ఒకడు. నిరుద్యోగము సోమరితనము వలన కలిగేది కాదనీ, పరిశ్రమ నడిచే తీరులోనే అది పుడుతుందనీ 1909లో ఒక గ్రంథములో వాదించాడు. రెండేండ్ల తరువాత, 1911లో, బ్రిటను జాతీయ బీమా చట్టమును చేసినది. అందులోని రెండవ భాగము కొన్ని పరిశ్రమల కార్మికులకు పని పోయినప్పుడు వారమునకు 7 షిల్లింగులు, సంవత్సరమునకు 15 వారముల వరకు ఇచ్చినది. మొదటి భాగము బీమా చేసిన కార్మికుని భార్య ప్రసవించినప్పుడు 30 షిల్లింగులు ఇచ్చినది. ఒకే చట్టము, రెండు భృతులు. విచిత్రమేమనగా ఆ 30 షిల్లింగులు మొదట భర్త చేతికే అందేవి. మద్యపు దుకాణము దారిలో ఆ డబ్బుకు ఏమి జరిగేదో మన పాదిరులకు విడమరచి చెప్పనక్కరలేదు. స్త్రీల సంఘముల పోరాటము వలన 1913లో అది తల్లి సొత్తుగా మార్చబడినది. ఇక ఎవరి దుస్థితి వలన ఈ చర్చ బలపడినదో ఆ రేవు కూలీలు మాత్రము 1911 నాటి నిరుద్యోగ బీమా జాబితాలో లేరు. వారిని చేర్చుటకు 1920 వరకు పట్టినది.

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి సమావేశము వాషింగ్టనులో జరిగినది. అక్కడ ఆమోదించిన ఒడంబడికలలో మొదటిది పని గంటలను గూర్చినది, రెండవది నిరుద్యోగమును గూర్చినది, మూడవది ప్రసూతి రక్షణను గూర్చినది. రెండు, మూడు ప్రక్కప్రక్కనే ఉన్నవి. రెండవ ఒడంబడికను భారత ప్రభుత్వము 1921లో ఆమోదించినది. మూడవదానిని గాని, తరువాత దానిని సవరిస్తూ వచ్చిన ప్రసూతి ఒడంబడికలను గాని మన దేశము నేటివరకు ఆమోదించలేదు.

1959 స్కీము

1931లో నివేదిక ఇచ్చిన విట్లీ కమిషను భారత దేశపు రేవులలో కూలీల పేర్లు నమోదు చేయాలనీ, పనిని వంతుల ప్రకారము పంచాలనీ సూచించినది. ఆ సూచన చట్టరూపము దాల్చుటకు స్వాతంత్ర్యము రావలసి వచ్చినది. 1948లో డాక్ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టము వచ్చినది. దాని క్రింద మొదట బొంబాయి, కలకత్తా, మద్రాసు రేవులకు, 1959లో విశాఖపట్నమునకు స్కీములు ఏర్పడినవి. ప్రభుత్వము, యజమానులు, కార్మికులు, ముగ్గురి ప్రతినిధులతో డాక్ లేబరు బోర్డు ఏర్పడినది.

ఈ స్కీము పనిచేసిన విధానమును కొంచెము వివరముగా చెప్పడము అవసరము. రిజర్వు పూల్ రిజిస్టరులో పేరు ఉన్న కార్మికునికి మూడు విధములైన రక్షణ ఉండేది. పని ఉన్నా లేకపోయినా నెలకు నిర్ణయించిన దినములకు కనీస కూలి ఖాయము. పనికి సిద్ధముగా హాజరై, పని దొరకక తిరిగి వెళ్ళిన దినమునకు హాజరు భత్యము. పనికి పిలిచి, ఓడ రాకనో వర్షము వలననో పని మొదలు కాకపోతే మరొక భత్యము. ఈ మూడవదానికి చట్టములోనే డిసప్పాయింట్‌మెంట్ మనీ అని పేరు. తెలుగులో నిరాశ కూలి అనవచ్చును. ప్రభుత్వ నిబంధనలలో మనుష్యుని నిరాశకు ధర కట్టిన మాట మరొకటి నాకు తటస్థపడలేదు.

దీనికి డబ్బు ఎక్కడినుండి వచ్చేది? రిజిస్టరు అయిన యజమానులు తాము చెల్లించే కూలిపై కొంత శాతము లెవీగా బోర్డుకు కట్టేవారు. ఏ ఒక్క స్టీవిడోరు కంపెనీయో భారము మోయకుండ, రేవు వలన లాభపడే వారందరు కలిసి మోసేవారు. మేస్త్రీ అడ్వాన్సుకు, బోర్డు భత్యమునకు తేడా ఇక్కడ ఉన్నది. బ్రిటనులో కూడ రేవులకు ఇటువంటి జాతీయ స్కీము 1947లోనే వచ్చినది. అంటే ఈ ఒక్క విషయములో మన రేవు లండనుకు మరీ ఎక్కువ వెనుకబడలేదు, పన్నెండేండ్లు మాత్రమే.

దీనిని స్వర్ణయుగముగా వర్ణించుట నా ఉద్దేశము కాదు. రిజిస్టరులో చేరుటకు జరిగిన పైరవీలు, కులము, బంధుత్వము, యూనియను పక్షపాతము, పేరు ఒకరిది పని మరొకరిది, ఇవన్నీ ఆ రోజులలో పనిచేసినవారే చెప్పుతారు. రిజిస్టరు బయట నిలిచినవారు ఎప్పుడూ ఉన్నారు. అయినను నెలకు ఇంత తప్పక వస్తుందని తెలిసిన మనుష్యుడు పిల్లవానిని బడిలో వేయగలడు. మా ప్రాంతపు సంఘములలో మొదటి తరము ఉపాధ్యాయులు, నర్సులు చాలమంది కళాసీల పిల్లలే. నా సంఘ రిజిస్టరులో తండ్రి వృత్తి అనే గడి చూస్తే అది తెలిసిపోతుంది.

1960ల తరువాత ఇనుప ఖనిజము ఎక్కింపు యంత్రముల చేతికి పోయినది. 1976లో ఔటరు హార్బరు, 2003లో కంటైనరు టెర్మినలు వచ్చినవి. నెత్తిమీద మోసే పని తగ్గినకొద్దీ బోర్డు అవసరము లేదనే వాదము పెరిగినది. బ్రిటను తన స్కీమును 1989లోనే రద్దు చేసినది. ఇక్కడ 1997లో పెద్ద రేవులకు 1948 చట్టము వర్తించకుండ చేయుటకు వీలు కలిగించే చట్టము వచ్చి, 2008లో విశాఖపట్నం డాక్ లేబరు బోర్డు పోర్టు ట్రస్టులో కలిసిపోయినది.

ప్రసవ దినములు

ప్రసూతి భృతి చరిత్రలో జర్మనీ ముందున్నది. 1878లో ప్రసవము తరువాత మూడు వారములు ఫ్యాక్టరీలో స్త్రీలచేత పని చేయించరాదని నిషేధించి, 1883 ఆరోగ్య బీమా చట్టముతో ఆ మూడు వారములకు భృతి కూడ ఏర్పాటు చేసినది. నిషేధమునకు, భృతికి మధ్య ఆ ఐదేండ్లు తల్లులు ఏమి తిన్నారో చరిత్రకారులు తక్కువగా వ్రాస్తారు.

మన దేశములో ఎన్.ఎం. జోషి 1924లో కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిన ప్రసూతి బిల్లు ఓడిపోయినది. 1929లో బొంబాయి రాష్ట్రము చట్టము చేసినది. అంతకు ముందు సంవత్సరము ఆ బిల్లును బలపరుస్తూ బొంబాయి శాసనమండలిలో మాట్లాడినవారిలో డాక్టర్ అంబేద్కర్ ఉన్నారు. మద్రాసు ప్రసూతి చట్టము 1934లో వచ్చినది. విశాఖపట్నం అప్పుడు మద్రాసు రాష్ట్రములోనిదే. అయితే ఆ చట్టము ఫ్యాక్టరీ స్త్రీల కొరకు చేసినది. పొలములో నాట్లు వేసే స్త్రీ, ఇండ్లు కట్టే చోట తట్ట మోసే స్త్రీ అందులో లేరు. 1961లో దేశమంతటికి ప్రసూతి ప్రయోజనముల చట్టము వచ్చి 12 వారముల సెలవు ఇచ్చినది. 2017 సవరణతో అది మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారములు అయినది. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఈ చట్టమును తనలో కలుపుకొని, 26 వారములను అలాగే ఉంచినది.

26 వారములు అనే అంకెను మాత్రమే చూస్తే మనము చాల దేశముల కంటె ముందున్నాము. అమెరికాలో 1993 నాటి జాతీయ చట్టము 12 వారముల సెలవు ఇస్తుంది, అది కూడ జీతము లేనిది. కాని ఆ డబ్బు ఎవరు ఇవ్వాలి అని అడిగినప్పుడు లోపము కనబడుతుంది. స్వీడనులో తలిదండ్రుల భృతి సామాజిక బీమా నిధి నుండి వస్తుంది. మన దేశములో ఇ.ఎస్.ఐ. పరిధిలో ఉన్న స్త్రీకి ఆ సంస్థ చెల్లిస్తుంది. తక్కినవారికి పనిలో పెట్టుకొన్న యజమానియే పూర్తిగా చెల్లించాలి. 1952 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ఏ ఒక్క యజమానిపైన ఈ భారము వేయరాదని స్పష్టముగా చెప్పినది. ఎందుకనగా వేస్తే అతడు పెండ్లి కాబోయే ఆడపిల్లను పనిలోనికి తీసికొనుటకే వెనుకాడుతాడు. రేవు లెవీ పద్ధతి ఈ చిక్కునే పురుషుల విషయములో పరిష్కరించినది. స్త్రీల విషయములో మనము ఆ పాఠము నేర్చుకోలేదు.

దినసరి స్త్రీ కూలీల విషయములో 2000లో సుప్రీంకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చినది. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరు రోలుపై పనిచేసే స్త్రీలకు కూడ, పర్మనెంటు కాకపోయినా, ప్రసూతి ప్రయోజనము వర్తిస్తుందని అది ప్రకటించినది.

తండ్రుల మాట కూడ చెప్పాలి. స్వీడను 1974లో తల్లి సెలవును తలిదండ్రుల సెలవుగా మార్చినది. నేడు ఒక బిడ్డకు 480 దినముల భృతి ఉండగా, అందులో 90 దినములు తండ్రికి, 90 దినములు తల్లికి ప్రత్యేకింపబడినవి. మన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 దినముల పితృత్వ సెలవు ఉన్నది. 2025లో అమలైన కోడ్‌లో ప్రయివేటు రంగపు తండ్రికి ఏమీ లేదు. కొత్తగా పెండ్లి చేసికొన్నవానిని ఒక సంవత్సరము సైన్యములోనికి పంపరాదని ద్వితీయోపదేశకాండము 24:5 చెప్పుచున్నది. హన్నా బిడ్డ పాలు మరచువరకు ఇంటనే ఉండగా ఎల్కానా దానికి సమ్మతించాడు (1 సమూయేలు 1:21-23). వీటిని నేరుగా సెలవు చట్టములుగా చదువరాదు. కుటుంబమునకు కొంత కాలము విడిచిపెట్టాలనే తలంపు లేఖనములకు క్రొత్తది కాదని మాత్రము చెప్పవచ్చును.

ఉక్కు నగరము

1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అనే నినాదముతో జరిగిన ఉద్యమములో 32 మంది ప్రాణములు కోల్పోయారు. 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న కర్మాగారము జాతికి అంకితము. ఈ రెండు తేదీల మధ్య 64 గ్రామములు ఖాళీ అయినవి. నిర్వాసితులకు ఇచ్చిన ఆర్-కార్డు ఉద్యోగమునకు హామీ అని ఆ కుటుంబములు నమ్మినవి. ఉద్యోగము రాని కార్డులు నేటికీ ట్రంకు పెట్టెలలో ఉన్నవి. నేను చూచినవి కూడ ఉన్నవి. కార్డు ఉన్నవాడు నిరుద్యోగిగా నమోదు కాలేదు, ఉద్యోగిగానూ నమోదు కాలేదు.

పర్మనెంటు కార్మికునికి 1953 నుండి లే-ఆఫ్ పరిహారము ఉన్నది. పని చూపలేని దినములకు మూల వేతనము, కరవు భత్యములో సగము. బదిలీ కార్మికులకు, క్యాజువలు కార్మికులకు అది వర్తించలేదు. ఇ.ఎస్.ఐ. ద్వారా 2005లో రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చినవి. రెండవదాని ప్రకారము పని పోయినవానికి సగటు సంపాదనలో 25 శాతము 90 దినముల వరకు, జీవితములో ఒక్కసారి. కోవిడ్ కాలములో దానిని 50 శాతమునకు పెంచారు. జర్మనీలో ఇది జీతములో 60 శాతము, బిడ్డ ఉన్నవానికి 67 శాతము, సాధారణముగా సంవత్సరము వరకు. బిడ్డ ఉంటే ఎక్కువ ఇవ్వడములో రెండు భృతులు మరల కలిసికొన్నవి.

2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘము ఉక్కు కర్మాగారములో నూరు శాతము పెట్టుబడుల ఉపసంహరణకు నిర్ణయము తీసికొన్నది. 2025 జనవరిలో అదే కర్మాగారమునకు 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించబడినది. ఈ రెంటికి మధ్యను, తరువాతను కాంట్రాక్టు కార్మికుల తొలగింపుపై ఆందోళనలు జరిగినవి. గేటు పాసు పనిచేయలేదని ఉదయమున గేటు దగ్గర తెలిసికొని తిరిగివచ్చిన యువకుని ఇంటిలో నేను ప్రార్థన చేసాను. అతని భార్య ఏడవ నెల గర్భిణి. అతని తాతగారు రేవు బోర్డు మనిషి. తాతకు హాజరు భత్యము ఉండేది, మనుమనికి లేదు. గాజువాకలోను, కంచరపాలెములోను ఉదయమున అడ్డాలలో నిలబడే కూలీలకు అది ఎన్నడూ లేదు.

మన ఇంటి లెక్క

ఇంతవరకు ప్రభుత్వములను, కంపెనీలను గూర్చి వ్రాసాను. సంఘము కూడ యజమానియే. నేను యవ్వనస్థుడనై పరిచర్యలో ప్రవేశించిన రోజులలో నా భార్య మొదటి బిడ్డను ప్రసవించిన నాలుగవ దినమున ఇరవై మైళ్ళ దూరములో కూటములు నడిపించమని నాకు ఉత్తరము వచ్చినది. వెళ్ళాను. అది భక్తి అని అప్పుడు అనుకొన్నాను. తరువాత కొన్నేండ్లకు, నాతో పనిచేసిన ఒక బైబిలు స్త్రీకి ప్రసవమైన మూడు నెలలు గౌరవ వేతనము నిలిపివేయబడినది. జీతము కాదు గౌరవ వేతనము గనుక చట్టము వర్తించదని జవాబు వచ్చినది. ఆ మాటపై నేను సంతకము పెట్టలేదు, అలాగని ఎదిరించి మాట్లాడనూ లేదు.

ద్రాక్షతోట యజమాని ఎందుకు ఊరక నిలిచారని అడిగినప్పుడు, తమను ఎవరూ పనిలో పెట్టుకోలేదని వారు జవాబు చెప్పారు. ఆయన దానిని నమ్మాడు. రిజిస్టరు చూడలేదు. ఒక దేనారము ఒక కుటుంబపు ఒక దినపు ఆహారము. ఇది పరలోక రాజ్యమును గూర్చిన ఉపమానము, కార్మిక విధానము కాదు అని విద్యార్థులు అభ్యంతరము చెప్పవచ్చును. నిజమే. అయినను ఆ రాజ్యమును పోల్చుటకు మన ప్రభువు పని దొరకనివాని సాయంకాలపు కూలినే ఎన్నుకొన్నారు.

మా పాస్టరేటులో ఇప్పుడు ముగ్గురు బైబిలు స్త్రీలు, సండేస్కూలు పనిలో ఇద్దరు యువతులు ఉన్నారు. వారికి 26 వారముల ప్రసూతి వేతనము ఇవ్వాలనీ, అందుకొరకు ప్రతి సంఘము తన కానుకలలో కొంత శాతము ఒక ఉమ్మడి నిధికి కట్టాలనీ నేను వ్రాసి ఇచ్చాను. రేవు లెవీ పద్ధతినే అడిగాను. కోశాధికారి గారు మంచి మనిషి, ఉక్కు కర్మాగారములో పనిచేసి రిటైరు అయినవారు. చిన్న సంఘములు ఆ శాతము కట్టగలవా, ఆ ఆరు నెలలు ఆమె పని ఎవరు చేస్తారు, వారికి ఏమి ఇస్తాము అని అడిగారు. ఆయన ప్రశ్నలు సమంజసమైనవే. వాటికి లెక్కలు వేసి తీసికొని రమ్మన్నారు. వచ్చే కమిటీ అజెండాలో అది నాలుగవ అంశము.